రొస్సినీ క్లారినెట్ వేరియేషన్లకు కాడెంజా: వెతకడం, విని రాసుకోవడం, సొంతంగా కట్టడం

ప్రశ్న: సికింద్రాబాద్‌లో ఉంటాను. చిన్నప్పుడు నాలుగేళ్ళు కర్ణాటక గాత్రం నేర్చుకుని, తర్వాత చర్చి బ్యాండులో క్లారినెట్ పట్టాను. గ్రేడ్ పరీక్షలు పూర్తయ్యాయి. రెండు నెలల్లో ఒక రిసైటల్‌లో పియానోతో కలిసి రొస్సినీ ‘ఇంట్రడక్షన్, థీమ్ అండ్ వేరియేషన్స్’ వాయించాలి. చివర్లో కాడెంజా దగ్గర, అంటే పియానో ఆగిపోయి క్లారినెట్ ఒంటరిగా వాయించే చోట, నా కాపీలో చిన్న అక్షరాల్లో రెండు లైన్ల నోట్లు మాత్రమే ఉన్నాయి. రికార్డింగుల్లో వింటే ఒక్కొక్కరు ఒక్కోటి వాయిస్తున్నారు. అవి ఎక్కడ దొరుకుతాయి? విని రాసుకోవచ్చా? నేనే రాసుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

సమాధానం: నోట్లు వెతకబోయే ముందు పియానో కాపీ తెరిచి, ఆ ఫెర్మాటా (ఇక్కడ ఆగాలని చెప్పే గుర్తు) కింద ఏ కార్డ్ ఉందో చూడండి. అసలు కాడెంజాకు సాధారణంగా టానిక్ సిక్స్-ఫోర్ ఉంటుంది. అంటే కార్డ్ స్వరాలు టానిక్‌వే (షడ్జమం మీద కట్టినవే), బాస్‌లో మాత్రం పంచమం. ఈ కృతిలో థీమ్, ముగింపు బి ఫ్లాట్ మేజర్‌లో ఉంటాయి. కాబట్టి పియానో ఎడమ చేతిలో ఎఫ్, పైన బి ఫ్లాట్, డి కనిపించాలి. బి ఫ్లాట్ క్లారినెట్ కాపీలో మీకది సి మేజర్ కార్డ్, అడుగున జి. ఆ కార్డ్ గాలిలో ఆగి ఉంటుంది. డామినెంట్ సెవెన్త్ (పంచమం మీద కట్టిన నాలుగు స్వరాల కార్డ్) మీద ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండింటిని వేగంగా మార్చి మార్చి వాయించడం) వేసి టానిక్‌లో దించేదాకా దాన్ని పట్టి ఉంచడమే కాడెంజా చేయాల్సిన పని. ఫెర్మాటా నేరుగా డామినెంట్ సెవెన్త్ మీద ఉంటే అక్కడ పూర్తి కాడెంజా పెట్టకూడదు, తర్వాతి భాగానికి దారితీసే చిన్న ప్రవేశం చాలు. మోట్సార్ట్ క్లారినెట్ కన్చెర్టో (కె. 622, 1791) మొదటి భాగంలో 127, 315 బార్లు, రెండో భాగంలో 59వ బారు అలాంటి చోట్లు. అక్కడ అర నిమిషం కాడెంజా వాయిస్తే వినేవాళ్ళకు దారి తప్పినట్టుంటుంది. మీ కృతిలో ఇంట్రడక్షన్‌లోనూ క్లారినెట్ ఒంటరిగా ఆగే చోట్లు వస్తాయి. ప్రతిచోటా ఇదే పరీక్ష పెట్టి, ఎక్కడ ఎంత చోటుందో ముందే తేల్చుకోండి.

ఇక వెతకడం. రొస్సినీ పేరు మీద నడుస్తున్న ఈ కృతి ఒపేరా నుంచి పుట్టినది. 1819లో నేపుల్స్‌లో మొదటిసారి ప్రదర్శించిన ‘లా దోన్నా దెల్ లాగో’లో మాల్కమ్ పాత్ర పాడే పాటే దీని థీమ్. అందుకే క్లారినెట్ వాళ్ళ కాడెంజాలతో సరిపెట్టుకోకుండా గాయనీమణుల కాడెంజాలు కూడా చూడమంటాను. ఆ కాలపు ఇటాలియన్ గాయకులు ఎక్కడ ఆగేవారో, ఏ మలుపు తిప్పి ట్రిల్‌కి వచ్చేవారో తెలిస్తే సగం దారి దొరికినట్టే. లుయీజీ రిచ్చీ కూర్చి, రికోర్డీ ప్రచురించిన ‘వరియాజియోని, కదెంజే, త్రదిజియోని’ సంపుటాల్లో ఒపేరా కాడెంజాలు వరుసగా దొరుకుతాయి. క్లారినెట్ వైపు నుంచి అదే భాష కావాలంటే మిలాన్ లా స్కాలాలో వాయించిన ఎర్నెస్తో కవల్లీనీ కాప్రీస్‌లు, అదే లా స్కాలాకు చెందిన లుయీజీ బస్సీ ‘రిగొలెత్తో’ ఫాంటసీ చూడండి. ఇద్దరూ పందొమ్మిదో శతాబ్దం వాళ్ళే కాబట్టి పాత ముద్రణలు ఐఎమ్ఎస్ఎల్‌పీ అనే ఆన్‌లైన్ స్వరలిపి గ్రంథాలయంలో ఉచితంగా వెతుక్కోవచ్చు. మీ కృతి పాత ముద్రణలు కూడా అక్కడే వెతకండి. దొరికిన ప్రతి కాపీలో కాడెంజా పేజీని మీ కాపీ పక్కన పెట్టి పోల్చండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ ఒక ఎడిటర్ చేయి పడిందని అర్థం.

వెబర్ మొదటి కన్చెర్టో (ఓపస్ 73, 1811) ఇలాంటి పోలికకు మంచి ఉదాహరణ. మొదటి భాగంలో చాలామంది వాయించే కాడెంజా వెబర్‌ది కాదు. ఎవరి కోసం ఆ కన్చెర్టో పుట్టిందో ఆ హైన్రిష్ బేర్మన్ చేర్చినది. కొన్ని ఎడిషన్లలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు.

ఇవి కాక రెండు దారులున్నాయి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో క్లారినెట్ డాక్టరేట్ చేసినవాళ్ళ సిద్ధాంత వ్యాసాల్లో కాడెంజాలు స్వరలిపితో సహా అచ్చవుతుంటాయి. చాలావరకు ఉచితంగానే చదవొచ్చు. లేదంటే, రికార్డింగ్‌లో విన్నది బాగా నచ్చితే ఆ వాద్యకారులకే మర్యాదగా ఉత్తరం రాయండి. ఏ రికార్డింగ్, ఏ నిమిషం దగ్గర, ఏ కార్యక్రమం కోసం అన్నవి చెప్పి అడిగితే కాపీ పంపేవాళ్ళు ఉంటారు. ఊరికే ‘మీ కాడెంజా పంపండి’ అని ఒక్క వాక్యం రాస్తే జవాబు రాకపోవచ్చు.

రాసుకోవచ్చా అని అడిగారు. రొస్సినీ 1868లో పోయారు, ఆ సంగీతం మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఇప్పటి వాద్యకారులు రాసిన కాడెంజా వేరే రచన. భారత చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా దాని హక్కు ఉంటుంది. సొంత సాధన కోసం, చదువు కోసం విని రాసుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అవకాశం ఇస్తుంది. అదే కాడెంజాను సభలో వాయించాలన్నా, యూట్యూబ్‌లో పెట్టాలన్నా, అచ్చు వేయాలన్నా అనుమతి తీసుకోండి. నా సలహా మాత్రం ఒకటే: రెండు మూడు విని రాసుకుని, వాటి నుంచి కట్టుబడి నేర్చుకుని, సభలో మీదే వాయించండి.

విని రాసుకోవడంలో మీ గాత్రం చదువు పెద్ద ఆస్తి. తంబురా యాప్‌లో ఆరున్నర శ్రుతి పెట్టండి. అదే బి ఫ్లాట్. రికార్డింగ్‌లో వినిపించే షడ్జమం మీ క్లారినెట్ కాపీలో సి అవుతుంది. విన్నదాన్ని ముందు స్వరాల్లో రాసుకుని, తర్వాత స ను సి గా, ప ను జి గా దించేయండి. ట్రాన్స్‌పోజిషన్ తప్పులు చాలావరకు అక్కడే పోతాయి. ప్రతి మధ్యమం వినిపిస్తే ఎఫ్ షార్ప్, సాధారణ గాంధారమైతే ఇ ఫ్లాట్. ఈ రెండూ కాడెంజాలో వెంట వెంటనే వస్తున్నాయంటే డిమినిష్డ్ సెవెన్త్ కార్డ్ (మూడేసి అర్ధస్వరాల దూరంలో పేర్చిన నాలుగు స్వరాలు) నడుస్తోందన్న మాట.

మొదట రికార్డింగ్ శ్రుతి సరిచూడండి. ఎ స్వరం 442 హెర్ట్జ్‌కి కట్టిన ఆర్కెస్ట్రా అయితే 440 కన్నా 8 సెంట్లు ఎక్కువ (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు), అది పెద్ద ఇబ్బంది కాదు. పాతకాలపు వాద్యాలతో 430కి వాయించిన రికార్డింగ్ అయితే 40 సెంట్లు తక్కువ. తంబురాను దించకుండా దానితో పోలిస్తే ప్రతి స్వరం దగ్గరా అనుమానమే మిగులుతుంది.

తర్వాత పూర్తి వేగంలోనే వింటూ అస్థిపంజరం రాయండి. ఎక్కడెక్కడ ఆగారు, ఎక్కడ ఊపిరి తీసుకున్నారు, అన్నిటికన్నా పై స్వరం ఏది, అన్నిటికన్నా కింది స్వరం ఏది, ట్రిల్ ఏ స్వరం మీద వేశారు అన్నవి చూడండి. పక్కన సెకన్లు వేసుకోండి. ఈ ఒక్క కాగితమే మీకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పుతుంది. చాలామంది దీన్ని దాటేసి మొదటి పరుగులోని పన్నెండు నోట్ల దగ్గరే రెండు సాయంత్రాలు పోగొట్టుకుంటారు.

అస్థిపంజరం అయ్యాక రెండు మూడు సెకన్ల ముక్కలు తీసుకుని సగం వేగంలో తిప్పి తిప్పి వినండి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో టెంపో మార్చే ఆదేశం వాడాలి. స్పీడ్ మార్చే ఆదేశం వాడితే శ్రుతి కూడా దిగిపోతుంది. నలభై శాతం కన్నా తగ్గిస్తే శబ్దం అలుక్కుపోయి ఒక నోటు రెండుగా వినిపిస్తుంది, కాబట్టి అంతకు దిగొద్దు. వేగమైన పరుగులో ప్రతి నోటునీ విడిగా పట్టుకోవాలని చూడకండి. మొదటి స్వరం, చివరి స్వరం, మొత్తం ఎన్ని నోట్లు అన్నవి తేల్చండి. ఆ మూడూ తెలిస్తే అది మేజర్ స్కేలా, క్రొమాటిక్కా, ఆర్పెజియోనా అన్నది లెక్కలోనే తేలిపోతుంది. జి నుంచి పై జి దాకా మూడు స్థాయిల క్రొమాటిక్ అయితే 37 నోట్లు. అదే మేజర్ స్కేలు అయితే 22.

క్లారినెట్‌కి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కింది రిజిస్టర్‌లో ఈ వాద్యంలో బేసి సంఖ్య హార్మోనిక్‌లు (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) బలంగా ఉంటాయి, రెండోది బాగా బలహీనం. అందుకే ఆటోమేటిక్‌గా నోట్లు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ మంద్రంలోని స్వరాన్ని వదిలేసి, దానికి పన్నెండో స్వరంగా పైన వచ్చే మూడో హార్మోనిక్‌ని నోటుగా రాసేస్తుంటుంది. వేగమైన లెగాటోలో ఇది ఇంకా ఎక్కువ. దాన్ని నమ్మకుండా సోనిక్ విజువలైజర్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (స్వరాలను గీతలుగా చూపే చిత్రం) తెరిచి కంటితో సరిచూడండి. 44,100 శాంపిల్ రేటులో విండో (ఒక్కసారికి విశ్లేషించే ముక్క పొడవు) 4096 పెడితే ఒక్కో ముక్క 93 మిల్లీసెకన్లు, స్వరాల మధ్య కనీసం 11 హెర్ట్జ్ తేడా ఉంటేనే విడిగా కనిపిస్తాయి. సెకనుకు పన్నెండు నోట్ల పరుగులో ఒక్కో నోటు 83 మిల్లీసెకన్లే, కాబట్టి అక్కడ 2048కి దిగాలి. మరి మంద్రంలో? కాపీలో కింది ఇ మోగేది 147 హెర్ట్జ్, పక్కనున్న ఎఫ్ 156. ఆ తొమ్మిది హెర్ట్జ్ తేడా రెండు విండోల్లోనూ కలిసిపోతుంది. అప్పుడు అడుగు గీతను వదిలి మూడో హార్మోనిక్ గీతను చదవండి: అక్కడ 440, 467. ఇరవై ఆరు హెర్ట్జ్ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

చర్చిలో, పెద్ద హాలులో చేసిన రికార్డింగ్ అయితే ఆర్పెజియోలో ముందు నోటు మోగుతూనే ఉంటుంది, గీతలు ఒకదానిమీద ఒకటి పడతాయి. అలాంటప్పుడు గీత ఎక్కడ మొదలైందో అదే చూడండి, ఎక్కడ ముగిసిందన్నది పట్టించుకోవద్దు. లయ విషయంలో కూడా అతి వద్దు. వాద్యకారులు సాగదీసి వాయించినదాన్ని ఐదుకి నాలుగు, ఏడుకి ఆరు అని లెక్కగట్టి రాస్తే రేపు మీరే చదవలేరు. పొడవు, మధ్యస్థం, పొట్టి అని మూడు రకాల నోట్లు చాలు. రాసింది సరైనదో కాదో తేల్చేది మాత్రం మీ వేళ్ళే. రికార్డింగ్‌ని 70 శాతం వేగంలో పెట్టి దానితో పాటు వాయించండి. ఎక్కడ వేళ్ళు అసహజంగా చిక్కుకుంటున్నాయో అక్కడ చాలాసార్లు రాసిన నోటే తప్పు అయి ఉంటుంది.

ఇప్పుడు మీ కాడెంజా. నిడివి ముందు నిర్ణయించుకోండి. జర్మన్ వేణువు విద్వాంసుడు క్వాంట్స్ 1752 నాటి వేణువు గ్రంథంలో గాలి వాద్యాల కాడెంజా ఒక్క ఊపిరిలో అయిపోవాలన్నాడు. రొస్సినీ కాలానికి గాయకులు ఆ హద్దు దాటారు గానీ, ఆ మాటలోని బుద్ధి ఇప్పటికీ పనికొస్తుంది. సుమారు పన్నెండు నిమిషాల కృతికి నలభై సెకన్ల కాడెంజా సరిపోతుంది. మూడు ఊపిరులు, ఒక్కొక్కటి పన్నెండు సెకన్లకు మించకుండా రాయండి.

సామగ్రి రెండే రెండు తీసుకోండి: థీమ్ మొదటి రెండు బార్లు, మీకు బాగా పట్టుబడిన వేరియేషన్ నుంచి ఒక అలంకారం. మూడోది చేర్చాలనిపిస్తుంది, చేర్చకండి. ఈ కింది దారి మీ కాపీ స్వరాల్లో చెబుతున్నాను. స్టాఫ్ పైన కూర్చునే జి మీద ఆగి మొదలుపెట్టండి, మెల్లగా పెంచి తగ్గించండి. థీమ్ మొదటి ముక్కను సి లో నెమ్మదిగా, అదే ముక్కను ఒక మెట్టు పైన డి మైనర్‌లో కొంచెం వేగంగా వాయించండి. ఊపిరి. తర్వాత మంద్రంలోని ఎఫ్ షార్ప్ నుంచి ఎఫ్ షార్ప్, ఎ, సి, ఇ ఫ్లాట్ అంటూ డిమినిష్డ్ ఆర్పెజియో పై సి దాకా ఎక్కండి, మొత్తం పదకొండు నోట్లు. దీనిలో బ్రేక్ (కింది రిజిస్టర్ నుంచి పై రిజిస్టర్‌కి మారే చోటు) దాటేది ఎ నుంచి సి కి. ఎ వాయిస్తున్నప్పుడే కుడి చేతి వేళ్ళు మూసి ఉంచుకుంటే సి శుభ్రంగా పలుకుతుంది. ఆ సి ని ఎడమ చిటికెన వేలితోనే పట్టాలి, ఎందుకంటే మామూలు 17 కీల బోమ్ క్లారినెట్‌లో తర్వాత వచ్చే ఇ ఫ్లాట్ కీ కుడి చిటికెన వేలికే ఉంటుంది. సి కూడా కుడితో పట్టి జారిస్తే మధ్యలో ఒక చప్పుడు ఖాయం. కాపీలో ఎడమ, కుడి అని రాసుకోండి.

పైన సి దగ్గర ఆగి, ఒక నిశ్శబ్దం ఇవ్వండి. మళ్ళీ ఊపిరి. తిరిగి మంద్ర జి నుంచి మొదలుపెట్టి మీ వేరియేషన్ అలంకారంతో రెండు మెట్లు, అక్కడి నుంచి క్రొమాటిక్‌తో పై జి దాకా, అంటే మొదట ఆగిన జి కన్నా ఒక స్థాయి పైనున్న జి దాకా. మొదటి నాలుగైదు నోట్లు బరువుగా, తర్వాత వేగం పెంచుతూ. ఆ పై జి మొత్తం కాడెంజాలో ఒక్కసారే రావాలి. అక్కడి నుంచి జి సెవెన్త్ కార్డ్ స్వరాలతో, ఎఫ్ ని స్పష్టంగా వినిపిస్తూ దిగి, స్టాఫ్ నాలుగో గీత మీది డి దగ్గర ట్రిల్. ఇది కుడి ఉంగరపు వేలొక్కటి ఎత్తి దించితే వచ్చే ట్రిల్, అలసిన చేతికి కూడా సమంగా వస్తుంది. స్థాయి పైన డి మీద వేస్తే మెరుపు ఎక్కువే, కానీ ఆఖరి నిమిషంలో పెదవి ఎలా ఉంటుందన్నది చూసుకోవాలి. ట్రిల్ నెమ్మదిగా మొదలై వేగం అందుకోవాలి. చివర సి-డి అని మలుపు తిప్పి సి లో దిగండి.

తప్పులు ఎక్కువగా ఎక్కడ జరుగుతాయంటే, మధ్యలో. సి కార్డ్ మీద బలంగా, స్థిరంగా దిగే వాక్యం ఒకటి రాసేస్తారు. చెవికి అది ముగింపులా తోస్తుంది, పియానో వాళ్ళు వచ్చేస్తారు. ట్రిల్ వచ్చేదాకా ఏ వాక్యమూ సి కార్డ్ మీద నిలబడకూడదు (ఇందాక ఆగమన్న పై సి డిమినిష్డ్ కార్డ్‌ది). జి మీదో, ఇ మీదో, డిమినిష్డ్ స్వరం మీదో వేలాడాలి. రెండోది, దూరపు స్కేళ్ళలోకి పోవడం. నలభై సెకన్లలో ఇ మేజర్‌లోకి వెళ్ళి తిరిగి రావడానికి సమయం లేదు, రొస్సినీ భాషకు అది అతకదు కూడా. గమకాల గురించి మీరు అడగలేదు గానీ, గాత్రం నేర్చుకున్న చెయ్యి కాబట్టి చెబుతున్నాను: పొడవైన స్వరాల మీద కంపితం వద్దు. ఈ శైలిలో స్వరం నిలకడగా ఉండి, బలం మాత్రమే పెరిగి తగ్గుతుంది. మీకు కల్పనస్వరం నుంచి పనికొచ్చేది ఆ వరస పెంచే పద్ధతి, చిన్న ముక్కను మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్ళడం. అది రెండు సంగీతాల్లోనూ ఉన్నదే.

మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో రాసేటప్పుడు ఆ బారు లక్షణాల్లో అసలు నిడివి పెంచితే బార్ గీతలు లేకుండా నోట్లన్నీ ఒకే బారులో కూర్చుంటాయి. నోట్లు చిన్న సైజులో పెట్టండి, బీమ్‌లను (నోట్లను కలిపే అడ్డగీతలను) చేతితో కలిపి వాక్యాలుగా విడగొట్టండి. బార్ గీతలు లేనప్పుడు షార్ప్, ఫ్లాట్ ఎంతదాకా వర్తిస్తుందో చదివేవాళ్ళకు తెలియదు కాబట్టి ప్రతి బీమ్ గుంపులోనూ మళ్ళీ రాయండి. మామూలు స్వరానికి తిరిగి వచ్చినప్పుడు నాచురల్ గుర్తు కూడా.

పియానో వాళ్ళకు మొత్తం కాడెంజా ఇవ్వక్కర్లేదు. పై జి నుంచి ట్రిల్ దాకా ఉన్న ముక్కను అసలు శ్రుతిలో, అంటే ఒక మెట్టు కిందకు మార్చి, వాళ్ళ కాపీలో అతికించండి. మీ కాపీలోని స్వరాలే ఇస్తే వాళ్ళు చూసే నోటు, వినే నోటు వేరవుతాయి. చివరి సి-డి మలుపును మాత్రం ముగింపు టెంపోలోనే వాయించండి. వాళ్ళకు వేగం తెలిసేది ఆ రెండు నోట్లతోనే.

సాధన విడిగా ఎంత బాగా వచ్చినా నమ్మకండి. ఈ కాడెంజా వేరియేషన్లన్నీ అయ్యాక వస్తుంది, అప్పటికి పెదవి అలిసిపోతుంది. మొదటి నుంచి ఆగకుండా వాయించి చూసినప్పుడు పై జి మూడుసార్లలో ఒక్కసారి తప్పినా, ఇ తోనే ఆగి దిగే రెండో దారిని కాపీలో పైన చిన్నగా రాసి ఉంచుకోండి. ఏది వాయించాలో వేదిక మీదే, ఆ క్రొమాటిక్ మొదలుపెట్టే ముందు నిర్ణయించుకోవచ్చు. పియానో వాళ్ళకు రెండు దారులూ తెలిసి ఉండాలి.

మీకున్న రెండు నెలల్లో మొదటి పది రోజులు వెతకడానికి, తర్వాతి పది రోజులు రెండు కాడెంజాలు విని రాసుకోవడానికి, ఒక వారం మీది కట్టడానికి ఇవ్వండి. నెల రోజులు మిగులుతాయి. ఆ నెలలో నోట్లు మార్చొద్దు. కార్యక్రమ పత్రంలో కృతి పేరు కింద కాడెంజా మీదేనని రాయించండి. వేరొకరిది వాడితే వాళ్ళ పేరు రాయించండి.